ఇరవై మూడో గూట్లో ఫోను

జూన్ 3, మంగళవారం

కొత్త ఉద్యోగంలో రెండో వారం. పాత ఆఫీసులో నాకు కిటికీ ఉండేది, కిటికీలోంచి ఒక చెట్టు కనిపించేది. ఇక్కడ గాజు పలక ఉంది. అందులోంచి గేటు, గేటు పక్కన ఫోన్ల గూళ్ళు కనిపిస్తాయి. షిఫ్ట్‌కి వచ్చేవాళ్ళంతా ఎవరి నంబరు గూట్లో వాళ్ళు ఫోన్ పెట్టేసి లోపలికి వెళ్ళాలి. నాకు మినహాయింపు. హెచ్ఆర్ మేడమ్‌ని కదా.

మాది లాండ్రీ. ఇళ్ళ బట్టలు కాదు, ఆస్పత్రులవి. దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు మూటలు మూటలుగా వస్తాయి. ఉతుకుతారు, ఆరబెడతారు, రోలర్ల మీద ఇస్త్రీ చేసి మడతపెట్టి పంపేస్తారు. బిల్డింగ్ అంతా బ్లీచ్ వాసన. టిఫిన్ డబ్బా మూత తీసినా అదే వాసన.

ఇవాళ ఎండీ పిలిచి సోషల్ మీడియా పాలసీ రాయమన్నారు. ఇప్పుడున్నది చూపించమంటే ఒక కాగితం ఇచ్చారు. ఒకే ఒక్క వాక్యం. కంపెనీ గురించి ఉద్యోగి ఎవరైనా, ఎక్కడైనా, ఏదైనా పోస్ట్ పెడితే ఉద్యోగం పోతుంది. ఎవరైనా, ఎక్కడైనా, ఏదైనా. ఇది పాలసీ కాదు, శాపం. పైకి అనలేదనుకో. కొత్తదాన్ని, ఇంకా నోరు పూర్తిగా తెరవలేదు.

ఇది కోర్టులో నిలబడదని కంపెనీ లాయరమ్మ చెప్పిందట. అందుకని నిలబడేది కావాలట. చట్టానికి దొరక్కూడదు, కానీ ఎవరూ కిక్కురుమనకూడదు. నెలాఖరుకల్లా ఇవ్వమన్నారు.

నాలుగింటికి, టీ బ్రేక్ ఇంకా మొదలవకుండానే గూళ్ళలో ఏదో ఫోన్ మోగింది. రింగ్ కాదు, అలారం. పిల్లల బొమ్మలు కీ ఇస్తే పాడతాయే, అలాంటి పాట. చాలాసేపు మోగింది. గేటు దగ్గర ఉండే పెద్దాయన్ని అందరూ బాబాయ్ అంటారు. పక్కనే కుర్చీలో ఉండి కూడా ఆయన ఆపలేదు, రోడ్డు కేసి చూస్తూ కూర్చున్నాడు. చెవుడేమో పాపం అనుకున్నాను.

జూన్ 5, గురువారం

కంపెనీ ఒక సాఫ్ట్‌వేర్ కొంది. ఎవరు ఎక్కడ మన పేరెత్తినా నాకు మెయిల్ వస్తుంది. అమ్మినవాడు దాన్ని లిజనింగ్ టూల్ అంటాడు. చాటుగా వినడానికి ఎంత ముద్దు పేరో.

ఇవాళ మొదటి మెయిల్ వచ్చింది. అకౌంట్ పేరు 'పాప వాళ్ళమ్మ'. ఫొటోలో రెండు జడలు వేసుకున్న ఒక పిల్ల, వెనక నుంచి తీసింది, భుజాన స్కూల్ బ్యాగు. పోస్ట్ ఇది: "రెండో రోలర్ బార్‌కి ఇవాళ కూడా గుడ్డ కట్టే ఉంది. అక్కడ నిలబడేవాళ్ళు చేతులు జాగ్రత్త."

ఈవిడెవరో కనుక్కుందామని జీతాలు చూసే క్లర్కమ్మాయి దగ్గరికి వెళ్ళాను. ఆ అమ్మాయి స్క్రీన్ చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత మెల్లిగా, ఆవిడ మార్చిలో పోయింది మేడమ్ అంది. మరి పోస్ట్ ఎవరు పెట్టారని అడిగితే నన్నేం అడగొద్దని లేచి బాత్రూంలోకి వెళ్ళిపోయింది. నేను ఆ అమ్మాయి కుర్చీ పక్కన నిలబడే ఉన్నాను, ఎంతకీ రాదే.

జూన్ 6, శుక్రవారం

ఇవాళ క్లర్కమ్మాయే నా గదికి వచ్చింది. తలుపు వేసి మరీ చెప్పింది. రాసి పెట్టుకుంటే నా తలలోంచి కొంచెమైనా దిగుతుందేమో.

రోలరంటే మంచమంత వెడల్పున్న వేడి సిలిండర్. ఇద్దరు చెరో పక్క నిలబడి తడి దుప్పటి అంచులు లాగి పట్టి దాని నోటికి అందిస్తారు. నోటి ముందు సన్నటి బార్ ఉంటుంది. వేలు తగిలితే చాలు, రోలర్ ఆగిపోతుంది. ఉన్నదే అందుకు. కానీ రెండో రోలర్ బార్‌కి ముక్కు మీద కోపం. దుప్పటి మడత కాస్త మందంగా తగిలినా ఆగేది. అది ఆగితే లైనంతా ఆగుతుంది. బాగుచేయించే ఓపిక లేక సూపర్‌వైజర్ చిరిగిన దుప్పటి పీలికతో ఆ బార్‌ని కట్టేయించాడు. ఈయన్ని వెనకాల అందరూ 'తొందర' అంటారు. నోరు తెరిస్తే ఆ మాటే.

పాప వాళ్ళమ్మ ఒకరోజు ఫోన్ గూట్లో పెట్టకుండా లోపలికి పట్టుకెళ్ళి దాన్ని ఫొటో తీసింది. కింద ఇలా రాసింది: "మా మిషన్‌కి చేతులు కట్టేశారు. ఇంక మా చేతులు ఎవరు చూస్తారు?"

నాకు ముందు ఈ సీట్లో ఉన్నాయన ఆవిణ్ణి పిలిపించాడు. ఆ ఒక్క వాక్యం చదివి వినిపించాడు. పోస్ట్ కావాలో ఉద్యోగం కావాలో తేల్చుకోమన్నాడట. ఆవిడ నా టేబుల్‌కి అవతల, ఆ కుర్చీలోనే కూర్చుని డిలీట్ చేసి, చూపించి, వెళ్ళి మళ్ళీ రెండో రోలర్ దగ్గర నిలబడింది. నెల తిరక్కుండానే కుడి చెయ్యి మోచేతి దాకా లోపలికి వెళ్ళింది. గుడ్డ కట్టి ఉన్న బార్ ఆగమంటే ఎలా ఆగుతుంది? ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఉండి పోయింది.

ఆ ఆస్పత్రి దుప్పట్లు మా దగ్గరే ఉతుకుతారు. ఆవిడ మీద కప్పిన దుప్పటికి మా స్టాంపే ఉందట. అది మళ్ళీ మా దగ్గరికే వచ్చి ఉంటుంది. ఇది క్లర్కమ్మాయి చెప్పలేదు, నా బుర్రకే తట్టింది. తట్టకుండా ఉంటే బాగుండేది.

ఆ కుర్చీ బయట పెట్టించాలి.

జూన్ 8, ఆదివారం

ఇంట్లో అత్తయ్యకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. పోయినవాళ్ళకి నెట్ బ్యాలెన్స్ ఎవరు వేయిస్తారే అని అడిగింది.

జూన్ 9, సోమవారం

లోపలికి వెళ్ళి నా కళ్ళతో చూద్దామనుకున్నాను. ఆవిరి, చప్పుడు, ఎవరి మొహం ఎవరికీ సరిగ్గా కనపడదు. రెండో రోలర్ బార్‌కి గుడ్డా లేదు, గిడ్డా లేదు. తొందర నా పక్కనే నడుస్తూ, మార్చి తర్వాత అలాంటివేం లేవు మేడమ్ అన్నాడు. తనే బార్‌ని వేలితో తాకి రోలర్ ఆపి చూపించాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే ఆ పోస్ట్ ఎవరో గిట్టనివాళ్ళ పని అనుకున్నాను.

ఒక్కటే ఎలాగో అనిపించింది. రెండో రోలర్‌కి కుడి పక్క నిలబడే పిల్ల సరిగ్గా తన చోట్లో నిలబడదు. అడుగు పక్కకి జరిగి, వంగి అందిస్తుంది. ఆ చోట్లో ఇంకెవరో ఉన్నట్టు. ఎడమ పక్క పనిచేసేది పాప వాళ్ళ పిన్ని, అంటే పోయినావిడ సొంత చెల్లెలు. పలకరిస్తే తల ఊపి మళ్ళీ దుప్పటి అందుకుంది.

జూన్ 10, మంగళవారం

మెయిల్ వచ్చింది. పాప వాళ్ళమ్మ. "హెచ్ఆర్ మేడమ్‌కి ఎవరైనా చెప్పండి, కిర్రుమనే ఆ కొత్త చెప్పులు వేసుకుని రావద్దని. వరండాలో ఆ చప్పుడు వినపడగానే గుడ్డ విప్పేశారు. ఆవిడ వెళ్ళగానే కట్టేశారు."

చదివి నవ్వొచ్చింది. తర్వాత టేబుల్ కింద నా చెప్పుల వైపు చూసుకున్నాను. నా చెప్పులు కొని వారం కూడా కాలేదు. ఆవిడ పోయి మూడు నెలలు.

జూన్ 12, గురువారం

లాయరమ్మతో ఫోన్లో గంట. ఆవిడ గొంతు అప్పడంలా పొడిగా ఉంటుంది, కానీ చెప్పేది అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతుంది.

ఉద్యోగులు జీతం గురించీ, పని గంటల గురించీ, మిషన్లు పాడై ఉన్నాయనీ, పైవాళ్ళ తీరు బాగాలేదనీ మాట్లాడుకోవడం వాళ్ళ హక్కట. టీ తాగుతూ మాట్లాడుకున్నా, ఫోన్లో రాసినా తేడా లేదట. మనం వద్దనగలిగేవి వేరే ఉన్నాయి: రోగుల పేర్లు, ఆస్పత్రుల లోపలి విషయాలు, పాస్‌వర్డ్‌లు, ఒకరినొకరు బెదిరించడం, కంపెనీ తరఫున మాట్లాడుతున్నామని చెప్పుకోవడం. అవి రాయి, విడివిడిగా రాయి, ఒక్కొక్కదానికీ ఉదాహరణ ఇవ్వు అంది. కంపెనీ పరువు, అగౌరవం, వ్యతిరేకం లాంటి మాటలు వాడావో నీ పాలసీ నేనే చింపేస్తానంది. రాత్రి ఇంటికెళ్ళి పోస్ట్ పెడదామనుకునే మనిషి నీ కాగితం చదివి భయపడి ఫోన్ పక్కన పెట్టేసిందంటే, ఆమెకి చట్టం ఇచ్చింది నువ్వు లాక్కున్నట్టే అంది.

నేను మార్చి సంగతి చెప్పాను. ఆవిడ తేదీలు అడిగి రాసుకుంది. ఆ డిలీట్ చేయించిన సంగతి ఎవరైనా ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్‌కి చెప్పారా అని అడిగింది. చెప్పలేదనుకుంటా అన్నాను. సరే, ముందు పాలసీ రాయమంది.

జూన్ 13, శుక్రవారం

డ్రాఫ్ట్ సగం అయింది. ఆ కుర్చీ బయట పెట్టించాను. బాబాయ్ దాన్ని తీసుకెళ్ళి గూళ్ళ పక్కన వేశాడు. ఇప్పుడు తల ఎత్తితే గాజులోంచి అదే కనిపిస్తోంది. నాకు నేనే తెచ్చిపెట్టుకున్నాను.

జూన్ 16, సోమవారం

డ్రాఫ్ట్ ఎండీకి ఇచ్చాను. చదువుతారనుకుంటే పక్కన పెట్టారు. తలుపు వేయమన్నారు.

పాలసీ ఎలా ఉన్నా సంతకం పెడతానన్నారు. లాయరమ్మ చెప్పినట్టే ఉంచుకో, ఒక్క అక్షరం కూడా మార్చను అన్నారు. కానీ బదులుగా ఒకటి కావాలి. ఆ పోస్టులు పెడుతున్నదెవరో శుక్రవారంలోగా చెప్పాలి. ఆ మనిషి ఇంక ఇక్కడ ఉండకూడదు.

ఎందుకు సార్ అన్నాను. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆయన ఫోన్ నా ముందు పెట్టి చూపించారు. ఆ అకౌంట్ తెరిచి ఉంది. పేరు పక్కన ఆన్‌లైన్లో ఉన్నట్టు ఆకుపచ్చ చుక్క. ఇంట్లో కూర్చున్నప్పుడు కూడా ఇదే చూస్తుంటారట. రాత్రి భోజనాల దగ్గర చూస్తే ఒకసారి చుక్క వెలిగిందట, ముద్ద దిగలేదట. ఆస్పత్రికి తను రెండుసార్లు వెళ్ళాననీ, రెండోసారి ఆవిడ కళ్ళు తెరిచి తన వైపే చూసిందనీ చెప్పారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన టేబుల్ అంచు పట్టుకుని ఉన్నారు. నాకు ఒక పేరు కావాలమ్మా, బతికున్న మనిషి పేరు, అన్నారు.

ఆయన్ని చెడ్డవాడనుకోవాలని వెళ్ళాను. భయపడ్డ మనిషిని చూసి వచ్చాను. ఏది నయమో తెలియదు.

ఒకరి ఉద్యోగం ఇస్తే, అందరికీ మాట్లాడే హక్కు వస్తుంది. లెక్క వేసుకుంటే సబబుగానే కనిపిస్తుంది. అదే నాకు భయం.

జూన్ 17, మంగళవారం

స్నానం చేస్తుంటే ఆ బొమ్మ పాట వినిపించింది. నీళ్ళు కట్టేసి విన్నాను. ఏమీ లేదు. మళ్ళీ తిప్పాను. మళ్ళీ వినిపించింది.

జూన్ 18, బుధవారం

తెలిసింది.

ఇన్నాళ్ళూ టీ బ్రేక్‌లో నేను టీ తెచ్చుకోవడానికి వెళ్ళిపోతున్నాను. ఇవాళ టీ మానేసి గాజు దగ్గరే నిలబడ్డాను. నాలుగింటికి అలారం మోగింది. ఇరవై మూడో గూడు. బాబాయ్ మెడ రోడ్డు వైపు తిరిగింది. చెవుడు కాదు ఆయనకి. లోపలి నుంచి ఆడవాళ్ళంతా వచ్చారు. పాప వాళ్ళ పిన్ని గూట్లోంచి ఫోన్ తీసి, అలారం ఆపి, గీత గీసి లాక్ తెరిచి, ఎవరితోనో రెండు ముక్కలు మాట్లాడి పక్కావిడకి ఇచ్చింది. ఆవిడ ఏదో టైప్ చేసి ఇంకొకరికి ఇచ్చింది. ఆవిడ చదివి, ఒక మాట చెరిపి, ఇంకో మాట వేసింది. ఫోన్ చేతులు మారుతూనే ఉంది. చివర్న మళ్ళీ పిన్ని చేతికి వచ్చింది. ఆమె బొటనవేలితో ఒక్కసారి నొక్కి, గూట్లో పెట్టి, చార్జర్ గుచ్చి, కొంగు సర్దుకున్నట్టు ఏప్రన్ సర్దుకుని లోపలికి వెళ్ళింది. నా టేబుల్ మీద మెయిల్ టింగుమంది.

చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని పరిగెత్తాను. వరండాలో పిన్నిని ఆపాను. ఫోన్ ఇంకా ఇక్కడెందుకుందని అడిగాను.

ప్రమాదం జరిగిన రోజు అది గూట్లోనే ఉండిపోయిందట. అంబులెన్స్ హడావిడిలో ఎవరికీ గుర్తు లేదు. మర్నాడు నాలుగింటికి మోగిందట. తెరిచి చూస్తే అలారం పేరు 'పాపకి ఫోన్ చెయ్యాలి'. స్కూల్ నుంచి ఇంటికి వచ్చిన కూతురితో వాళ్ళక్క రోజూ టీ బ్రేక్‌లో మాట్లాడేది. ఆ రోజు నుంచీ ఆ ఫోన్‌తోనే పిన్ని పాపకి ఫోన్ చేస్తోంది. అమ్మ పేరు కనిపిస్తే గానీ ఆ పిల్ల ఎత్తదట.

మరి పోస్టులు అన్నాను. మీలో ఎవరు పెడుతున్నారు, నాకు నిజం కావాలి అన్నాను.

మేమెవ్వరం పెట్టలేదు మేడమ్ అంది. చాలా నెమ్మదిగా అంది. రూలులో ఉద్యోగి పెట్టకూడదని ఉంది, మేం రూలు తప్పలేదు. పెడుతున్నది అక్క. అక్క ఇప్పుడు ఉద్యోగి కాదు కదా, ఇంక తనని ఎక్కణ్ణుంచి తీసేస్తారు, అంది.

చెప్పులు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

జూన్ 19, గురువారం

ఇంట్లో మావారికి చెప్పాను. ఎవరో తెలియలేదని చెప్పెయ్, పీడా పోతుంది అన్నారు. తెలియలేదంటే ఎండీ ఇంకెవరినైనా పెట్టి కనిపెట్టిస్తారు. గాజులోంచి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. పిన్ని పేరు చెబితే పోయేది ఒక్క ఉద్యోగం కాదు, ఆ పిల్లకి నాలుగింటికి వచ్చే ఫోన్ కూడా.

అత్తయ్య పక్క గదిలోంచి అంతా విన్నది. తను టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసినన్నాళ్ళూ ఎవరు ఏం మాట్లాడుకున్నారో తనకి తెలిసేదనీ, ఒక్కసారి కూడా పైవాళ్ళకి చెప్పలేదనీ అంది. ఎందుకత్తయ్యా అంటే, చెబితే రేపట్నుంచి నా లైన్లో ఎవరు మాట్లాడతారే అంది. అని, టీవీ సౌండ్ పెంచింది.

జూన్ 20, శుక్రవారం

ఎండీ గది. లాయరమ్మ స్పీకర్‌లో. ఆవిణ్ణి నేనే ఉండమన్నాను.

పేరు తెలిసిందా అన్నారు. తెలిసింది సార్ అన్నాను. చెప్పమన్నారు. పాప వాళ్ళమ్మ అన్నాను.

ఆయన మొహం చూడలేకపోయాను. టేబుల్ మీద డ్రాఫ్ట్ వైపు చూస్తూ చెప్పాను. ఈ పోస్టులు పెడుతున్నది ఆవిడే, గేటు దగ్గర ఇరవై మూడో గూట్లో ఉండిపోయిన తన ఫోన్ నుంచే. ఇక్కడ మాట్లాడే ధైర్యం ఆవిడ ఒక్కదానికే ఉంది సార్, ఎందుకంటే పోగొట్టుకోవడానికి ఆవిడ దగ్గర ఇంకేమీ లేదు. బతికున్న మనిషి పేరు కావాలంటే బతికున్నవాళ్ళు మాట్లాడే వీలు మీరే ఇవ్వాలి. అప్పుడు ఆవిడ మాట్లాడాల్సిన పని ఉండదు. ఈ ముక్కలు బాత్రూం అద్దం ముందు చాలాసార్లు చెప్పుకున్నాను.

లాయరమ్మ అందుకుంది. పేరు కోసం వెతకడమే తప్పని చెప్పింది. భద్రత గురించి రాసినందుకు మనిషిని తీసేస్తే ఆ కేసు తను వాదించనంది. పాత రూలు, డిలీట్ చేయించిన ఫొటో, మార్చి ప్రమాదం, ఈ మూడూ ఒకే బల్ల మీదకి వచ్చే రోజు ఒకటుంటుంది, ఆ రోజుకి ముందే పాత రూలు రద్దు చేశామని మీరు చెప్పుకోగలగాలి అంది.

ఎండీ చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు. సంతకం పెట్టారు. ఒక్కటే అన్నారు, ఆ ఫోన్ ఇంక నా గేటు దగ్గర ఉండటానికి వీల్లేదు, ఇంట్లోవాళ్ళకి ఇచ్చెయ్యి అని. బార్ సంగతి అడిగితే దానికి కొత్త సెన్సర్ ఆర్డర్ పెట్టమంటానన్నారు. పెట్టమంటానన్నారంతే, పెట్టమనలేదు.

జూన్ 23, సోమవారం

టీ బ్రేక్‌లో అందరినీ నిలబెట్టి పాలసీ చదివాను. నేనే రాశాను కదా, వాక్యాలన్నీ చిన్నవి. జీతం, పని గంటలు, భద్రత, పైవాళ్ళ తీరు. వీటి గురించి మీలో మీరు మాట్లాడుకోవచ్చు, బయట మాట్లాడవచ్చు, మీ సొంత అకౌంట్లో రాయవచ్చు, ఫొటో పెట్టవచ్చు. అందుకు ఎవరి మీదా చర్య ఉండదు. డిలీట్ చేయమని ఎవరూ అడగరు. కింద ఎండీ సంతకం ఎత్తి చూపించాను.

అందరూ మర్యాదగా విన్నారు. డౌట్లు ఉంటే అడగమన్నాను. ఒకావిడ అడిగింది, టీ చల్లారిపోతోంది, వెళ్ళవచ్చా మేడమ్ అని.

ఫోన్ పిన్ని చేతిలో పెట్టాను. ఇంటికి తీసుకెళ్ళమన్నాను. ఆమె ఇరవై మూడో గూట్లోకి ఒకసారి తొంగి చూసింది, ఇంకేమైనా మిగిలిపోయిందా అన్నట్టు. సరే మేడమ్ అంది. ఆ సరే నాకు ఇంకా చెవిలో ఉంది.

జూన్ 24, మంగళవారం

మెయిల్ లేదు.

జూన్ 26, గురువారం

మెయిల్ లేదు. నాలుగింటికి అలారం లేదు. అయినా అందరూ బయటికి వచ్చి గూళ్ళ ముందు నిలబడుతున్నారు. ఎవరి ఫోన్లు వాళ్ళ గూళ్ళలో ఉన్నాయి, ఎవరూ తీయడం లేదు. పిన్ని ఒక్కతే తన ఫోన్‌తో కుళాయి దగ్గరికి వెళ్ళి ప్రయత్నిస్తోంది. పాప ఎత్తడం లేదనుకుంటా.

బార్ సంగతేంటని క్లర్కమ్మాయిని అడిగాను. ఆర్డర్ ఏదీ రాలేదంది.

నేను ఏం చేశానో ఇప్పుడు అర్థమవుతోంది. భయం పోతుందని కాగితం రాశాను. భయం అలాగే ఉంది, ఆవిడ గొంతు పోయింది. ఇన్నాళ్ళూ అప్పుడప్పుడైనా ఎవరో చేతులు జాగ్రత్త అనేవారు. ఇప్పుడు అదీ లేదు. ఆవిణ్ణి రెండోసారి డిలీట్ చేసింది నేనే. ఎంత చక్కగా, ఎంత చట్టప్రకారం చేశానో.

జూన్ 29, ఆదివారం

ఇల్లంతా తిరుగుతున్నాను. కూర్చోలేకపోతున్నాను. కుడి పక్క నిలబడే ఆ పిల్ల కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. అడుగు పక్కకి జరిగి వంగి అందిస్తుంది కదా. వంగినవాళ్ళకి చెయ్యి త్వరగా జారుతుంది.

అత్తయ్య, ఇవాళ ఆ పోయినావిడ ఏమంది అని అడిగింది. ఏమీ అనలేదత్తయ్యా అన్నాను. అయ్యో అంది. నిజంగానే అంది, వేళాకోళం కాదు.

పాలసీ మళ్ళీ తీసి చదివాను. ఎక్కడైనా తప్పు ఉందేమో, ఎందుకు నమ్మలేదో అని. తప్పేమీ లేదు. 'ఉద్యోగులు అందరూ' అని ఉంది. ఆ మాట రాసేటప్పుడు నా కళ్ళ ముందు రోలర్ల దగ్గరివాళ్ళే ఉన్నారు. నాకూ ఇక్కడే జీతం వస్తుంది. ఉద్యోగులంటే నేనూనే. ఈ కాగితం ఎవరినైనా కాపాడుతుందో లేదో తేలాలంటే ఎవరో ఒకరు ముందు దాని కిందకి వెళ్ళాలి. రాసినదాన్ని నేనే వెళ్ళకపోతే వాళ్ళెందుకు వెళ్తారు?

నాకు ఉద్యోగం పోతే ఇంటి లోను ఉంది. మావారి జీతం ఒక్కటే మిగులుతుంది. భయంగా ఉంది. రాయడానికి సిగ్గేం లేదు, చాలా భయంగా ఉంది.

జూన్ 30, సోమవారం

అత్తయ్య బాత్రూం స్లిప్పర్లు వేసుకుని ఆఫీసుకి వెళ్ళాను. రబ్బరువి. ఒక్క చప్పుడు లేదు. పదకొండింటికి వరండా దాటి లోపలికి నడిచాను. తొందర వీపు నా వైపు ఉంది.

రెండో రోలర్ బార్‌కి గుడ్డ కట్టి ఉంది. ముడి మీద ముడి. తెల్లటి పీలిక మీద మా స్టాంపులో సగం కనిపిస్తోంది.

ఫొటో తీశాను. పిన్ని చూసింది. చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని చూసింది.

నా పేరు, నా ఫొటో, నా హోదా అన్నీ ఉన్న నా సొంత అకౌంట్లో పెట్టాను. ఏం రాయాలో కొత్తగా ఆలోచించలేదు. ఆవిడ మాటలే రాశాను. "మా మిషన్‌కి చేతులు కట్టేశారు. ఇంక మా చేతులు ఎవరు చూస్తారు?" కింద ఆ మాటలు ఎవరివో కూడా రాశాను.

టూల్ తన పని తాను చేసింది. నా మీద నాకే మెయిల్ వచ్చింది.

జూలై 1, మంగళవారం

ఎండీ మధ్యాహ్నం మూడింటికి పిలిచారు. తీసెయ్యమంటారని తెలుసు, అందుకే పాలసీ కాగితం చేత్తో పట్టుకెళ్ళాను. తీసెయ్యమనే అన్నారు. కాగితం టేబుల్ మీద పెట్టి సంతకం వైపు తిప్పాను. నన్ను పంపెయ్యాలంటే ముందు దీన్ని చింపాలి సార్ అన్నాను. రెండు ఆస్పత్రుల నుంచి అప్పటికే ఫోన్లు వచ్చాయట. నమ్మకద్రోహం అన్నారు. ఇంకా చాలా అన్నారు. నేను కూర్చోలేదు, నిలబడే విన్నాను.

టీ బ్రేక్ టైమ్‌కి ఇంకా ఆయన గదిలోనే ఉన్నాను. నా చేతిలో ఫోన్ వణికింది. మెయిల్. ఇంకొకటి. ఇంకొకటి. తెరిచి చూశాను. పిన్ని నా పోస్ట్‌ని తన పేరుతో షేర్ చేసింది. మడతల దగ్గర పనిచేసే ఆవిడ, తన పేరుతో. కుడి పక్క నిలబడే పిల్ల ఇలా రాసింది: "అక్కడ నిలబడేది నేనే. నాకు భయం." బాబాయ్ కూడా. ఆయనకి అకౌంట్ ఉందని నాకు తెలియదు.

ఎవరెవరని ఎండీ అడిగారు. ఒక్కొక్క పేరే చదివి వినిపించాను. అడిగింది అదే కదా, బతికున్నవాళ్ళ పేర్లు.

ఆయన తన ఫోన్ తీసి ఏదో వెతికారు. చాలాసేపు చూశారు. ఆకుపచ్చ చుక్క కోసమని నాకు తెలుసు. లేదు అన్నారు. నాతో కాదు. తర్వాత మెకానిక్‌కి ఫోన్ చేసి, రెండో రోలర్ ఇప్పుడే ఆపమన్నారు. నా సంగతి తర్వాత మాట్లాడతానన్నారు.

జూలై 3, గురువారం

కొత్త సెన్సర్ పెట్టారు. తొందర ఆ పీలిక తెచ్చి, ఏం చెయ్యమంటారని అడిగాడు. తెలియదన్నాను. పట్టుకుని నిలబడ్డాడు. నా సంగతి ఇంకా ఎవరూ మాట్లాడలేదు.

నిన్న తను తన నంబరుతోనే చేస్తే పాప ఎత్తిందని పిన్ని చెప్పింది. ఏమీ మాట్లాడలేదట, ఊపిరి మాత్రం వినిపించిందట. వెళ్తూ వెళ్తూ, నా ఫోన్ ఒకసారి ఇవ్వమంది. ఇచ్చాను. ఏదో నొక్కి తిరిగి ఇచ్చేసింది.

జూలై 4, శుక్రవారం, నాలుగు గంటలు

ఆ పాట. ఒక్క ఫోన్ కాదు. గూళ్ళన్నీ. ఇరవై మూడు తప్ప అన్నీ. నా టేబుల్ మీద నాది కూడా, తెర మీద 'పాపకి ఫోన్ చెయ్యాలి' అని.

ఎవరూ ఆపలేదు.